కంపు పోయిన ట్యాంకు

క్రోమ్ పూత ఫ్యాక్టరీలో మురుగునీటి ట్యాంకు నా బాధ్యత. నీళ్లలోని పసుపుపచ్చటి క్రోమియం విషాన్ని విరిచేసే బ్యాక్టీరియాను ఎనిమిది నెలలు పంచదార నీళ్లు పోసి పెంచాను. కుళ్లిన గుడ్ల కంపు కొట్టేవి.

కాలుష్య నియంత్రణ మండలి ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు పొద్దున చూస్తే ట్యాంకు గోడలు తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. పక్కన ఖాళీ బ్లీచింగ్ డబ్బాలు.

"కంపు వదిలించాను. ఇన్నాళ్లూ నీకు చేతకాలేదుగా," అన్నాడు ఓనరుగారి అల్లుడు.

నాకు ఒళ్లు మండింది. "బతికున్నాయి కాబట్టే కంపు. అన్నిటినీ చంపేశారు!"

"పురుగుల కోసం ఏడుస్తావేంటి? నోర్మూసుకుని నిలబడు."

నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ బయటి గొట్టం కింద సీసా పెట్టాడు. నీళ్లు పసుపుపచ్చగా దిగాయి.

"ఈ ట్యాంకు చూసేదెవరు?"

"నిన్నటిదాకా నేను సార్," అంటూ నా మెడలోని ట్యాంకు ఇన్‌చార్జి కార్డు తీసి అల్లుడుగారి మెడలో వేశాను.