వెనకవైపు గుండీ

వేడినీళ్ళలో తడిపిన గుడ్డను రెండు పుల్లలు కలిసిన చోట కాసేపు అదిమిపట్టి, జిగురు మెత్తబడగానే మొండికత్తి మొనను సందులోకి పోనిచ్చి మణికట్టు కొంచెం తిప్పింది జిగురమ్మ. ఐసు పుల్ల ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని తుడిచి, గీతలు గీసిన అట్ట మీద మిగతా పుల్లల పక్కన ఆనించి, కొత్త జిగురు చుక్క పెట్టి మళ్ళీ అతికించింది. ఇందాకటిదాకా ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్న ఫొటో ఫ్రేము ఇప్పుడు బుద్ధిమంతుడిలా నాలుగు మూలలూ సర్దుకుని కూర్చుంది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి అందుకుంది.

ఇంకా మొదటి గంట కొట్టలేదు. హస్తకళల గదిలో పొడుగాటి బల్ల మీద రెండో తరగతి పిల్లలు చేసిన ఫ్రేములు వరసగా ఉన్నాయి. మధ్యాహ్నం ప్రదర్శన. తల్లులందరూ వచ్చి, పిల్లల చేతుల మీదుగా ఈ కానుకలు తీసుకుని వెళతారు. ఒక్కో ఫ్రేములో ఆ బిడ్డ ఫొటో పెట్టి ఉంచింది క్లాసు టీచరు. ఫొటోలు బాగానే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న పుల్లల సంగతే చెప్పుకోకూడదు.

జిగురమ్మకు కాగితం మీద ఉన్న పని గది ఊడవడం, కత్తెరలు పంచడం, రంగు గిన్నెలు కడగడం. కాగితం మీద లేని పని ఇదీ: పిల్లలు చేసినవాటిని పిల్లలు వెళ్ళాక బాగుచెయ్యడం. ఎవరూ నోరు తెరిచి అడగలేదు. చేరిన కొత్తలో ఒక సాయంత్రం, ముక్కు ఎక్కడ ఉందో తెలియని కాగితపు ముసుగు ఒకటి చూసి చెయ్యి ఊరుకోక సరిచేసింది. మర్నాడు పెద్దటీచరు దాన్ని తీసుకెళ్ళి వరండాలో తగిలించింది. అప్పట్నుంచి ఆమె స్కూలుకి తలలో నాలుక అయిపోయింది. "కాకిపిల్ల కాకికి ముద్దేననుకో. కానీ ప్రదర్శనకి నలుగురూ వస్తారు కదా," అంటుంది పెద్దటీచరు.

పిల్లలకు ఈ సంగతి తెలియదు. రాత్రి జిగురు ఆరేటప్పుడు వంకరలన్నీ వాటంతట అవే పోతాయని వాళ్ళ నమ్మకం. అందుకే అట్టలు ఎలా పడితే అలా అతికించేసి, "ఫరవాలేదు, పొద్దున్నకి బాగైపోతుంది," అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు జిగురమ్మ నవ్వుకుంది. తరవాత అలవాటైంది. ఇప్పుడు అది వినబడదు కూడా.

ఆమెది చిన్న ఆకారం. బల్ల మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు వచ్చేశాయి. వేళ్ళ చివర్ల మీద ఎండిన జిగురు పొరలు పొరలుగా లేస్తుంది. ఊసుపోనప్పుడు దాన్ని పీక్కుంటూ కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి పీకగా పీకగా వేలిముద్రలు చెరిగిపోయాయి. ఈమధ్య కొన్న ఫోను ఆమె వేలిని గుర్తుపట్టనని మొరాయించింది. కొట్టువాడు నాలుగు వేళ్ళతో ప్రయత్నించి, "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని అడిగాడు. పిల్లలకు బొమ్మలు చేస్తానని చెప్పింది. ఆ మాటలో తప్పేమైనా ఉందని అప్పుడు తోచలేదు.

తరవాతి ఫ్రేము ఎడంచేతి పిల్లది.

దీన్ని చివర్లో చూద్దామని ముందే పక్కన పెట్టింది. ఆ పిల్ల చేతికి స్కూలు కత్తెరలు లొంగవు. అన్నీ కుడిచేతి కత్తెరలే. అందుకని కాగితాన్ని పళ్ళతో పట్టుకుని, కత్తెరను తలకిందులుగా పట్టుకుని కోస్తుంది. అది కోసిన అంచు ఎలక కొరికినట్టు ఉంటుంది. పనిచేస్తున్నంతసేపూ నోరు ఊరుకోదు. జిగురు ఎందుకు తెల్లగా ఉంటుంది, ఆరాక ఎటు పోతుంది, నీకు అమ్మ ఉందా జిగురమ్మా, అని ఒకటే నస. కిందటి వారం జ్వరమని రాలేదు. ఆ తరవాతా రాలేదు. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారని, ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదని క్లాసు టీచరు నిన్ననే అంది. ఈరోజుకి వచ్చేస్తుందేమోనని కూడా అంది.

ఫ్రేములో రెండు పుల్లలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ముందువైపు మూలలో జిగురు ముద్ద, దాని మీద బొటనవేలి గుర్తు. బల్ల మీద నిలబెడితే పక్కకు పడిపోయింది. తిప్పి చూసింది. వెనక, ఫ్రేము నిలబడడానికి అట్టకాలు అతికించాల్సిన చోట, సరిగ్గా నడిమధ్యన, ఒక నీలం గుండీ అతుక్కుని ఉంది. ముందువైపు పెట్టాల్సిన గుండీని వెనక పెట్టేసింది, తిక్కపిల్ల, అనుకుంది. ఆ గుండీ మీద అట్టకాలు పెట్టి చూస్తే బల్లపరుపుగా కూర్చోక ఊగుతోంది.

తడిగుడ్డ వేసి, కత్తితో గుండీని లేపింది. గట్టిగానే పట్టుకుంది, జిగురు బాగా వాడినట్టుంది. గోటితో గీకి, గుండీకి అంటిన జిగురంతా తీసి, గుడ్డతో తుడిచి, గుండీల డబ్బాలో పడేసింది. పుల్లలన్నీ విడదీసి మళ్ళీ పేర్చింది. బొటనవేలి గుర్తున్న జిగురు ముద్దను చెక్కేసింది. ముందువైపు నాలుగు మూలల్లో నాలుగు పసుపుపచ్చ గుండీలు పెట్టింది. అట్టకాలు అతికించి నిలబెట్టింది. ఇప్పుడు మూల మీద వేలితో నొక్కినా ఫ్రేము కదల్లేదు. ఈ ఏడాది చేసినవాటిలో ఇదే బాగా కుదిరిందనుకుంది.

వంకర చూస్తే ఊరుకోలేకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పదమూడో ఏట అట్టపెట్టెల కార్ఖానాలో చేరింది. అక్కడ మేస్త్రీ పెట్టెను బల్ల మీద పెట్టి వేలితో మూల నొక్కేవాడు. ఊగిందా, కాలితో తొక్కేసేవాడు. మాట కూడా అనేవాడు కాదు. పెళ్ళై, కూతురు పుట్టి, భర్త పోయి, ఆ కార్ఖానా మూతబడ్డాక కూడా ఆ వేలు ఆమెను వదల్లేదు. ఎక్కడ ఏ వస్తువు కనబడినా ముందు మూల నొక్కి చూస్తుంది.

కూతురు చిన్నప్పుడు బడినుంచి కాగితం పువ్వు తెచ్చి ఇచ్చింది. జిగురమ్మ ముద్దుపెట్టుకుని, ఆ రాత్రే దాని రేకులు విప్పి మళ్ళీ చుట్టింది. అట్ట ఇల్లు చేసి ఇస్తే కప్పు మార్చింది. ఒకసారి పుట్టినరోజుకి బట్టతో బొమ్మ కుట్టి ఇస్తే, కుట్లు విప్పి దగ్గరదగ్గరగా కుట్టి, పొద్దున్నే కూతురి పక్కలో పెట్టింది. సంతోషిస్తుందనుకుంది. పిల్ల ఆ బొమ్మను చాలాసేపు చూసి గూట్లో పెట్టేసింది. ఆ తరవాత ఆ చేతులతో ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటోంది. ఎప్పుడో ఒకసారి ఫోను చేస్తుంది. కిందటిసారి వచ్చినప్పుడు, వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అంది, "నువ్వు ముట్టుకున్నదల్లా బాగుపడిందమ్మా, నేను తప్ప."

జిగురమ్మ అప్పుడు దాన్ని వేళాకోళమే అనుకుంది. తరవాత చాలా రాత్రులు అనుకోలేకపోయింది.

మధ్యాహ్నం గది నిండిపోయింది. పిల్లలు తల్లుల చేతులు పట్టుకుని లాక్కొచ్చి, తమ ఫ్రేము ఏదో తెలియక, కింద అతికించిన పేర్లు కూడబలుక్కుని వెతుక్కున్నారు. దొరికాక, "చెప్పానా, ఆరితే బాగైపోతుందని," అన్నాడు ఒక బొద్దబ్బాయి. ఒక తండ్రి, ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు తిన్నగా పట్టుకోలేని మావాడు ఇది చేశాడంటే నమ్మమంటారా, అని పెద్దగా నవ్వాడు. పెద్దటీచరు కూడా నవ్వింది. గోడవారన ఖాళీ రంగు గిన్నెలు పట్టుకుని నిలబడ్డ జిగురమ్మ వైపు ఎవరూ చూడలేదు. చూడకపోవడమే ఆమెకు ఇన్నేళ్ళూ దొరికిన మెప్పు.

జనం తగ్గాక, పిల్లలు బస్సులెక్కాక, టీచర్లు టీ తాగడానికి వెళ్ళాక, ఒకామె గుమ్మంలో నిలబడింది. నలిగిన బట్టలు, సరిగా దువ్వని జుట్టు, చేతిలో చిన్న సంచీ. బల్ల మీద ఒక్క ఫ్రేమే మిగిలింది. అందులో ఫొటో చూసి, ఆమె ముఖం చూసి, ఎవరో పోల్చుకుంది జిగురమ్మ. ఆ గడ్డం మీద నొక్కు ఇద్దరికీ ఉంది.

"రండమ్మా. పాపకెలా ఉంది? తగ్గిందా?"

"మొన్న పొద్దున్న పోయిందండీ," అంది ఆమె.

ఏ బస్సు పోయిందో చెప్పినట్టు చెప్పింది. చెప్పి, లోపలికి వచ్చి, పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. జిగురమ్మ చేతిలోని గిన్నెలు కింద పెట్టేసింది.

"ఈరోజు వచ్చి నేనే తీసుకోవాలంది. మాటిచ్చాను. ఇంట్లో వద్దన్నారు, వచ్చేశాను. మీరేనా జిగురమ్మ?"

తల ఊపింది. ఫ్రేము తీసి రెండు చేతులతో అందించింది. ఇవ్వగలిగింది ఒకటైనా ఉందని, అది బాగుందని, ఆ క్షణంలో ఆమెకు కొంచెం ఊరట కూడా కలిగింది.

ఆ తల్లి ఫొటో మీద చెయ్యి వేసి కాసేపు ఉంది. తరవాత ఫ్రేమును తిప్పింది. వెనకవైపు వేలితో తడిమింది. అట్టకాలు ఎత్తి దాని కింద చూసింది. మళ్ళీ తడిమింది.

"వెనక గుండీ ఉండాలే," అంది. "నీలం గుండీ. ముందువైపువి అందరూ చూస్తారు, వెనకది నీకొక్కదానికే అంది. ఆసుపత్రిలో రోజూ అదే చెప్పేది. ఊడిపోయిందా?"

ఊడిపోయిందంటే సరిపోయేది. డబ్బాలోంచి ఒక నీలం గుండీ తీసి, ఇదిగో ఇదేనంటే ఆమె నమ్మేది. ఇన్నేళ్ళూ జిగురమ్మ చేసింది అదే కదా. కానీ నోటికి వచ్చింది వేరే మాట.

"ఊడలేదమ్మా. పొద్దున్న నేనే పీకేశాను. ఊగుతోందని."

ఆమె అర్థం కానట్టు చూసింది. జిగురమ్మ చెప్పింది. పుల్లలూ తానే విడదీసి పేర్చానని, పసుపు గుండీలూ తానే పెట్టానని, బొటనవేలి గుర్తున్న జిగురు చెక్కేశానని, అది పొద్దుటి చెత్తలో వెళ్ళిపోయిందని. దాచుకున్నవి ఒక్కొక్కటే బయటపెట్టి నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

ఆ తల్లి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండును. గోడ మీద వేలాడే ముసుగులూ, కాగితం పువ్వులూ, అట్ట పిట్టలూ చూపించి, "వాటిల్లో మా పాపవి ఉంటాయి కదా. దాని చేతివి ఏవైనా ఇవ్వండి," అంది.

జిగురమ్మ తలెత్తి చూసింది. పిట్ట రెక్కలు తాను కోసినవే. ముసుగు కళ్ళు తాను తెరిచినవే. పువ్వులు తాను చుట్టినవే. ఆ గోడంతా తన చేతులే. ఎలక కొరికినట్టుండే అంచు ఒక్కటంటే ఒక్కటి ఎక్కడా లేదు. ఏడాదంతా ఈ గదిలో కూర్చుని కోసి, అతికించి, వాగిన పిల్ల తాలూకు ఆనవాలు చీపురు పెట్టి ఊడ్చినట్టు పోయింది. ఊడ్చింది తనే.

"ఏవీ లేవమ్మా," అంది. "ఒక్కటీ లేదు."

ఆమె ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. "ఆ గుండీ ఏం చేశారు?" అని అడిగింది.

జిగురమ్మ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. చొక్కాల కుట్టుపని చేసేవాళ్ళు మిగిలాయని ఇచ్చిన గుండీలు, రంగు రంగులవి, కుప్పగా పడ్డాయి. నీలంవి బోలెడు. అన్నీ ఒకే కొలత, ఒకే నీలం. జిగురు మరక ఉన్నది దొరుకుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడి, పొద్దున్న గోటితో గీకి గుడ్డతో తుడిచిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. అంత శుభ్రంగా ఎందుకు తుడిచాను దేవుడా అనుకుంది. జీవితంలో మొదటిసారి తన చేతుల మీద ఆమెకు అసహ్యం వేసింది.

"ఏదో చెప్పలేనమ్మా. వీటిల్లో ఒకటి."

"వీటిల్లో ఉంది కదా?"

"ఉంది. అది మాత్రం ఖాయం."

ఆ తల్లి సంచీలోంచి చేతిరుమాలు తీసి బల్ల మీద పరిచింది. కుప్పలోంచి నీలం గుండీ ఒకటి తీసి రుమాలులో పెట్టింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తొందరపడకుండా, ఏదీ వదలకుండా ఏరుతోంది. జిగురమ్మ ఊరుకోలేక, ఎదురుగా కూర్చుని తనవైపు దొర్లిన నీలం గుండీ అందుకోబోయింది.

"మీరు ముట్టుకోకండి," అంది ఆమె మెల్లగా, తల ఎత్తకుండానే.

జిగురమ్మ చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కూతురు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్న మాట ఇదేనని, ఇన్నాళ్ళకు ఇంకొక నోట వినబడిందని తెలిసింది. ఏరడం అయిపోయేవరకు అలాగే కూర్చుంది.

ఆమె రుమాలు నాలుగు కొసలూ కలిపి ముడివేసింది. ముడి వంకరగా పడింది. జిగురమ్మ దాన్ని చూసింది, కదల్లేదు. తరవాత ఆ తల్లి ఫ్రేములోంచి ఫొటోను జాగ్రత్తగా జారదీసి సంచీలో పెట్టుకుంది. మూటను గుప్పిట్లో పట్టుకుంది. వస్తానండీ అని, ఆ అలవాటైన మాటే అని, వెళ్ళిపోయింది. వరండాలో ఆమె నడుస్తున్నంతసేపూ గుండీలు ఒకదానికొకటి తగిలే చప్పుడు సన్నగా వినబడింది.

జిగురమ్మ లేచి దీపం వెయ్యలేదు. మిగిలిన గుండీలు డబ్బాలోకి ఎత్తలేదు. బల్ల మీద ఆమె వదిలేసిన ఫ్రేము ఉంది. అలవాటు చొప్పున వేలు దాని మూల మీదికి వెళ్ళి నొక్కింది. నాలుగు పసుపు గుండీల నడుమ ఖాళీ పెట్టుకుని, ఎటూ ఒరగకుండా, కొంచెమైనా ఊగకుండా అది నిలబడే ఉంది.