ద్వాళి చెప్పిన పేరు

ఆముదంలో ముంచిన పేలికతో బాటమ్మ ముఖం తుడిచి, ద్వాళి మోతయ్యను ఒళ్లోకి తీసుకుంది. జానెడు పొడవు కొయ్య దేవతలు. ముక్కులు అరిగిపోయాయి, చెవులు మాత్రం పెద్దవి. గుంపులో ఎవరు పోయినా ఆ చెవుల్లో వాళ్ల పేరు ముమ్మారు చెప్పాలి. అప్పుడు బాటమ్మ తొవ్వ చూపిస్తుంది, అలసిన ప్రాణాన్ని మోతయ్య భుజానికెత్తుకుంటాడు. ఒక పేరుకు ఒక్కరినే తీసుకుపోతారు.

ఎద్దుల మీద ఉప్పు మోస్తూ ఊరూరా తిరిగే గుంపు అది. ఎక్కడ పోయినవాళ్లను అక్కడే పూడ్చి సాగిపోవాలి. అందుకే చావుదేవతలు కూడా వాళ్ల వెంటే తిరుగుతారు. నలభై ఏళ్లుగా ఆ దేవతల గంప మోసి ద్వాళి ఎడమ భుజం కిందికి జారింది. మొగుడి పేరు, ఇద్దరు బిడ్డల పేర్లు ఆమే చెప్పింది. గొంతు వణికితే దేవతలకు వినబడదని అత్త నేర్పింది.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది, శ్రావణ మాసం. చివ్వెంల దాటి పెన్‌పహాడ్ వైపు పోతున్నారు. నాలుగు రోజులుగా ఆమెకు జ్వరం. గంప ఎద్దు మీద పెట్టమని కోడలు పిచ్చమ్మ బతిమాలినా వినలేదు.

జొన్నచేను గట్టున ఒక శవం కనబడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఛాతీలో తూటా దెబ్బ, అరిచేతుల్లో నాగలి కాయలు. ఆ ఏడాది తొవ్వల మీద అలాంటివాళ్లు చాలామందే పడి ఉంటున్నారు. శవాన్ని అడగడానికి అయినవాళ్లు కూడా భయపడుతున్నారు. గుంపు పెద్ద బుచ్చయ్య ద్వాళికి మరిది. అతను ఎద్దులను ఆపలేదు.

“మనోడు గాదు వదినా. పేరు గూడ తెల్వదాయె. పోదాం పా.”

ద్వాళి గంప దించి, చేతులతోనే మట్టి తవ్వడం మొదలుపెట్టింది. కాసేపు చూసి బుచ్చయ్యే గడ్డపార తెచ్చాడు.

పూడ్చాక ఆమె దేవతల చెవులకు పెదవులు ఆనించింది. “ద్వాళి” అంది. మూడుసార్లు, గొంతు వణక్కుండా.

పిచ్చమ్మ ఆమె చేయి పట్టుకుంది. “అత్తా, అది నీ పేరు గదా. రేపు నీకేం జెప్తం?”

“నేను పుట్టినకాన్నుంచి నడుస్తనే ఉన్న. ఈ పోరడు ఊరు దాటిండో లేదో. ఒక్కడే యాడికి పోతడు?”

మళ్లీ నడిచారు. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎప్పుడో పోయారు. గుంపులో అందరికీ ఆమె వదినో, అత్తో. ఆ మధ్యాహ్నమంతా ఏమీ మారినట్టు అనిపించలేదు.

పొద్దు వాలకముందే పెన్‌పహాడ్ బయట బీడునేలలో దిగారు. ద్వాళి ఉప్పుబస్తాకు ఆనుకొని కూచుంది. పిచ్చమ్మ ముంతలో అంబలి తెచ్చేసరికి ఆమె తల పక్కకు వాలి ఉంది. ముంత కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. వెళ్లి బుచ్చయ్యకు చెప్పింది.

వెలుగుండగానే మట్టి కప్పారు. పిచ్చమ్మ దేవతలను చేతుల్లోకి తీసుకుని నోరు తెరిచింది, మూసింది. చెప్పడానికి పేరు లేదు.

“మా అత్త,” అంది చివరికి. గొంతు వణికింది. కొంగుతో ముఖం తుడుచుకొని మళ్లీ మొదటినుంచి చెప్పింది.

తెల్లారి ఎద్దులు కదిలాయి. బస్తాలు, తాళ్లు, వంటసామాను అన్నీ సర్దారు. బీడులో ఆమె కూచున్న చోట అంబలి ముంత ఉండిపోయింది, నిండుగా, మీద పొర కట్టి.