కరివేపాకు పిలకలు

పొద్దున్నే మొహమైనా కడగకముందు పాండురంగ కొడవలి పట్టుకొని వాకిట్లో కూచుంటాడు. నాచారంలో వాళ్ల కిరాయి ఇళ్ల మధ్య ఒక కరివేపాకు చెట్టుంది. అతను పెళ్లాం రాజ్యాన్ని ఎన్ని దెబ్బలు కొడితే, తెల్లారేసరికి దాని వేర్ల నుంచి అన్ని పిలకలు లేస్తాయి. వాటిని నేలకు సమంగా కోసి, పని అయిపోయిందనుకొని కంపెనీకి పోతాడు.

ఇరుగుపొరుగు పళ్లు తోముకుంటూ చూస్తారు. "రాత్రి మస్తు గొట్టినట్టున్నవ్ అన్నా!" అని నవ్వి, లేతాకు ఏరుకొని పప్పులో పోపుకు తీసుకుపోతారు. చెయ్యి అడ్డం పెట్టిన మగాడు ఒక్కడు లేడు. ఆకు వద్దన్న ఆడదీ లేదు.

తెలంగాణ బందు నాడు కంపెనీలు మూతపడ్డాయి. పాండురంగ పొద్దుటి నుంచే తాగాడు. టీవీ గొంతు తగ్గించలేదని కూతురు అమృత జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పిల్ల నుదురు చిట్లింది. వాడు మంచమెక్కి గురక పెట్టాడు.

ఈసారి చెట్టు తెల్లారేదాకా ఆగలేదు. చిటికెన వేలంత పిలక, ఎర్రగా, అప్పుడే మన్ను చీల్చుకొని లేచింది.

తన పిలకలను రాజ్యం ఏనాడూ పట్టించుకోలేదు. దీన్ని చూసి కొడవలి అందుకుంది.

"కొయ్యకే!" ఇంటి ఓనరు దుర్గమ్మ గడప మీంచి అరిచింది. "కోస్తే ఒకటికి రెండొస్తయ్. మన్ను తీసి, వేరుకు అంటుకున్న కాడ పట్టి పీకాలె. తోలు సుత ఊడిరావాలె."

"పీకితే ఏమైతది అత్తా?"

"మా ముసలోడు సచ్చేదాక ఎడమ చేత్తోటి బువ్వెందుకు తిన్నడనుకున్నవ్?"

రాజ్యం బిత్తరపోయింది. "ఇన్నేండ్లు జెప్పకపోతివి!"

"నువ్వు అడగకపోతివి."

రాజ్యం వేళ్లతో మన్ను గోకింది. గోరు ఊడింది. వేరు దొరికింది. మడమ ఆనించి గుంజింది. తోలు చిరిగిన చప్పుడు, వెంటనే లోపల్నుంచి పాండురంగ కేక.

బయటికొచ్చాడు. కుడిచెయ్యి భుజం నుంచి తడిబట్టలా వేలాడుతోంది. "ఏం జేసినవే ముం..." అంటూ ఎడమ చెయ్యి ఎత్తాడు.

రాజ్యం పక్కనే అతను కోసిన పాత పిలక మొదట్లో మన్ను తీయసాగింది. అమృత నెత్తురు తుడుచుకుంటూ వచ్చి, తల్లి పక్కన గొంతుక్కూచొని, తనూ గోకడం మొదలుపెట్టింది.

పాండురంగ ఎత్తిన చెయ్యిని తనే దించుకున్నాడు.

ఆ పూట వాకిట్లోకి కరివేపాకు కోసం ఎవరూ రాలేదు.