బియ్యపు గింజంత గాటు

షావుకారు విసిరిన కొయ్య గరిటె చిన్నకోడలి ఒళ్లో పడింది. గుంట మధ్యలో కణుపు ఊడిపోయి, చిటికెనవేలు దూరేంత కంత ఉంది.

"కూరలో ఊడిపడిందట. హోటలువాళ్లు నా మొహాన కొట్టారు. గాటు నీదేగా? ఇవాళ నీకు కూలి లేదు."

గాటు ఆమెదే, పిడి చివర బియ్యపు గింజంత. ఎవరు చెక్కే గరిటెకు వాళ్ల గాటు పెట్టడం ఆ కొట్లో రివాజు. ముందు పిడి చెక్కి గాటు పెడతారు, ఆ తర్వాతే గుంట తవ్వుతారు. కణుపు బయటపడితే గుంటలో నీళ్లు పోసి చూసి, కారితే పొయ్యిలోకి పోయే గంపలో పారేస్తారు. ఈ గరిటెను ఆమె తన చేత్తోనే పారేసింది. మరి గంపలోంచి కాళ్లొచ్చి నడిచిందా? కంత అంచున జిగురులో కలిపిన రంపపు పొట్టు ఇంకా అంటుకునే ఉంది.

గంప పక్కన కూర్చునేది తోడికోడలు. తన కంటే బాగా చెక్కుతుంది, తక్కువ మాట్లాడుతుంది. చిన్నకోడలికి ఆ రెండూ ఎప్పుడూ గిట్టలేదు.

"అక్కా, గంపలోవి ఎవరైనా తీస్తున్నారా?"

పెద్దకోడలు తలెత్తకుండా చేతులు కొంగుకు తుడుచుకుంది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది. ఆ పూట నుంచి చిన్నకోడలు ఆమెతో మాట మానేసింది. ఒకే చాప మీద కూర్చున్నా మంచినీళ్ల చెంబు కూడా అందించలేదు.

మర్నాడు నీళ్లు కారే గరిటె ఒకటి అందరూ చూస్తుండగా గంపలో వేసి, భోజనానికి వెళ్తున్నట్టు వెళ్లి తలుపు వెనక నిలబడింది. కొట్టు ఖాళీ అయింది. గంపలోకి ఓ చెయ్యి దిగింది. గరుకు కాగితం పట్టీ పట్టీ అరిగిపోయిన వేళ్లు. తెలియకేం, తాళి కట్టిన వేళ్లే.

"నువ్వా!"

"అరవకే! షావుకారే కారేవి పూడ్చి నునుపు చెయ్యమన్నాడు. కాదంటే ఇద్దరం రోడ్డునే అన్నాడు."

"నిన్న నా కూలి పోతుంటే నీ నోట్లో ఏముంది?"

అతను గరుకు కాగితం తీసుకుని తన మూలకి వెళ్లాడు. చిన్నకోడలు పెరట్లోకి నడిచింది. పెద్దకోడలు అన్నం గిన్నె కడుగుతోంది.

"నీకు తెలుసు కదక్కా?"

"తెలుసు. మీ కాపురం మధ్యలో నేనెందుకని నోరు కుట్టుకున్నా."

చిన్నకోడలికి సిగ్గేసింది. క్షమించమని అడగకుండానే లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆమె కొత్త కొయ్య తీసుకుని, పిడి వదిలేసి, ముందు గుంట తవ్వడం మొదలుపెట్టింది. షావుకారు వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు.

"గాటేదీ?"

"చివర్లో పెడతానండీ. నీళ్లు పోసి చూశాక. కారితే పెట్టను."

"ఎవరు పెట్టారమ్మా ఈ కొత్త రివాజు?"

"నేనే."

"అయితే లే చాప మీంచి."

ఆమె లేవలేదు. మూల నుంచి వచ్చే గరుకు కాగితం చప్పుడు ఆగిపోయింది. పెద్దకోడలు అప్పటికే పిడి చెక్కి గాటు పెట్టిన కొయ్యను పక్కన పడేసింది. ఇంకోటి తీసుకుని గుంట దగ్గర ఉలి ఆనించింది. చిన్నకోడలి వైపు మాత్రం చూడలేదు.