తుడవని పలక

రిజంతి కూతుర్ని బడికి పంపింది ఒకే ఒక్క షరతు మీద. పలక మీద ఒకసారి రాసింది తుడవకూడదు. తుడిచినట్టు తెలిసిన రోజే బడి మానిపించేస్తానంది. ఏడేళ్ళ ఇనామి బుద్ధిగా తల ఊపింది. మరి పలక నిండిపోతే ఏం చేస్తావే అని తల్లీ అడగలేదు, పిల్లా చెప్పలేదు. రోజూ సాయంత్రం ఆ పిల్ల పలక తెచ్చి చూపించేది. అక్షరం మీద అక్షరం, దాని మీద ఇంకోటి, ముళ్ళకంపలా అల్లుకుపోయి ఉండేవి. రిజంతికి అందులో ఒక్కటీ చదవడం రాదు. ఏదీ పోలేదు కదా, అది చాలనుకుని నిమ్మళంగా ఉండేది.

ఆ షరతు వెనక ఒక ప్రశ్న ఉంది. తుడిచేసిన అక్షరం ఎక్కడికి పోతుంది? పోడు కొడుతున్నా, చింతపండులో గింజలు తీస్తున్నా, ముప్పై ఏళ్ళుగా అది ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. అడిగితే నవ్వుతారని ఎవర్నీ అడగలేదు. కొండ మీద మనుషులకు తేలని సంగతులు చాలానే ఉంటాయి గానీ, ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్ళు గొంతులో ఇరుక్కోవడం మాత్రం వింతే.

ఆమెకు ఏడేళ్ళప్పుడు కొండ కింద నుంచి ఒడియా మాస్టారు వచ్చాడు. చెడ్డవాడు కాదు పాపం, సవర మాట ఒక్క ముక్క రాదు, అంతే. మొదటిరోజు ఆమె చెయ్యి పట్టుకుని, నోటితో ఏదో పలుకుతూ, పలక మీద గుండ్రంగా ఒక అక్షరం రాయించాడు. రిజంతికి ఎంత సంతోషమో! వాళ్ళ అయ్య జమానో ఊళ్ళో గోడబొమ్మలు వేసేవాడు. ఎవరికైనా జబ్బు చేస్తే, చనిపోయినవాళ్ళతో మాట్లాడే పూజారి కుడాన్ వచ్చి, చనిపోయిన ఫలానా పెద్దమనిషి ఇల్లు అడుగుతున్నాడని చెప్పేవాడు. అప్పుడు అయ్య ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇల్లు గీసేవాడు. గీత పూర్తయ్యాక అది ఉత్త బొమ్మ కాదు, అందులో మనిషి ఉన్నట్టే లెక్క. దాని మీద చెయ్యి వెయ్యకూడదు. తియ్యాలంటే ముందు అడగాలి, కల్లు పొయ్యాలి, కోడిని కొయ్యాలి. అంచేత రిజంతి తన అక్షరంలోకి ఎవరొచ్చారా అని ముచ్చటగా చూసుకుంటూ కూర్చుంది.

మాస్టారు తుడిచి ఇంకోటి రాయమని సైగ చేశాడు. ఆమె పలకను గుండెకు హత్తుకుంది. మొండిపిల్ల అనుకున్నాడాయన. పలక లాక్కుని అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేశాడు. ఆమె పెట్టిన కేకకు బయట మేకలు బెదిరాయి. ఇల్లు చేరేసరికి ఒళ్ళు కాలిపోతోంది. నాలుగు రోజుల జ్వరం. అయ్య కోడిని కోసి, ఇంక ఆ బడి వైపు చూడొద్దన్నాడు. ఆమె చూడలేదు.

అప్పట్నుంచి ఆమె లెక్కలో బడి అంటే అక్షరంలోకి రమ్మని పిలిచి, వచ్చినవాళ్ళని తరిమేసే చోటు. మరి కూతుర్ని ఎందుకు పంపిందంటారా? అలా అక్షరంలోంచి పోయినవాళ్ళు ఎక్కడ తేలతారో తెలుసుకుందామనే. భయమూ ఆరాటమూ ఒకే కుండలో ఉడికితే మనిషి ఇలాంటి షరతులే పెడుతుంది.

ఆ శనివారం ఒంటిపూట బడి అయ్యాక రిజంతి వాకిట్లో రాగులు చెరుగుతోంది. ఏస్తేరు పంతులమ్మ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పక్క కొండ మీది సవరల ఇంటిదే, చర్చి కుటుంబం. చిన్నపిల్లలకు ముందు సొంత మాటలోనే చదువు చెప్పాలని సర్కారు ఆమెను వేసింది. పంతులమ్మను చూడగానే ఇనామి తల్లి వెనక్కి చేరింది.

"రా పంతులమ్మా, కూకో. అంబలి తాగుతావా?"

"తాగుతానక్కా. ముందో మాట. మీ గుంట బడిలో అందరికన్నా సురుకు. కానీ గంట కొట్టినాక ఇంటికెల్లదు. మూల కూకుని, సుబ్బరంగా తుడిసిన పలక మీద పిచ్చిగీతలు గీస్తాది. నింపీసి అప్పుడు లెగుస్తాది. ఎందుకే అంటే నోరిప్పదు. ఇంట్లో ఏటైనా సెప్పేరా?"

చేట ఆగిపోయింది.

"తుడిసిన పలకేటి? అది తుడుస్తాదా?"

"రోజుకి ఇరవై సార్లు తుడుస్తాది. తుడవకపోతే ఎలాగ రాస్తారక్కా?"

రిజంతి వెనక్కి తిరిగింది. "ఒసే, ఇరవై సార్లే? సోమారం నుంచి నువ్వు బడికెల్లక్కర్నేదు. మేకలు కాసుకో."

ఇనామి ఏడవలేదు. పలకను వీపు వెనక దాచుకుని నేల చూపులు చూసింది. తనెంత పని చేసిందో పంతులమ్మకు అప్పుడు తెలిసింది. మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే. ఇంకొకరైతే అంబలి కూడా తాగకుండా జారుకునేవారు. ఈమె మాత్రం చేట పక్కనే కూలబడింది.

"ఎందుకు తుడవకూడదో సెప్పక్కా. తెలుసుకోకుండా నేనెల్లను."

బడి మనిషి ఒకరు తన మాటలో తనని 'ఎందుకు' అని అడగడం రిజంతికి అదే మొదలు. కోపంగానే మొదలుపెట్టి, అయ్య బొమ్మల సంగతీ, మాస్టారి సంగతీ, జ్వరం సంగతీ అంతా చెప్పింది. చివరికి ముప్పై ఏళ్ళ ప్రశ్న కూడా బయటపెట్టేసింది.

"సదువుకున్నదానివి కదా, నువ్వు సెప్పు. తుడిసిన అచ్చరం ఎక్కడికెల్తాది?"

ఏస్తేరు నవ్వలేదు. "నాకు తెల్దక్కా. మేం చర్చిలో కలిసినప్పుడు మా అయ్య గోడబొమ్మల మీద సున్నం ఏసీసినాడు. ఆళ్ళంతా ఎక్కడికెల్లేరని అడిగేను. రెండు తగిలించినారు. మళ్ళీ అడగనేదు." అంటూ లేచింది. "మీ అయ్య ఉన్నాడు కదా, ఆయన్ని అడుగుదాం రా."

జమానో మూడిళ్ళ అవతల ఎండలో కూర్చుని వెదురుపుల్ల కొస నమిలి కుంచె చేస్తున్నాడు. ఎనభై దగ్గర పడ్డాడు. చెవులు బాగానే పనిచేస్తాయి, తనకు ఇష్టమైనప్పుడు. ఈసారి ప్రశ్న ఒక్కసారికే వినబడింది.

"ఎక్కడికీ ఎల్లదు. అసలు ఎవులొచ్చేరని ఎల్లడానికి? పేరెట్టి పిలవాల, కల్లు పొయ్యాల, అప్పుడు గాని ఎవులూ రారు. పిలవకుండా గీస్తే అది ఉత్త పిండే. పని నేర్సుకున్నప్పుడు ఈ వాకిట్లోనే బూడిద మీద నూరుసార్లు గీసినాను, నూరుసార్లు కాలితో సెరిపీసినాను. సెరపకుండా సెయ్యి తిరుగుతాదేటి?"

రిజంతి అయ్యకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంత తెలిసినోడివి అప్పుడు నాకెందుకు సెప్పనేదు? కోడినెందుకు కోసినావు? బడెందుకు మానిపించినావు?"

ముసలాయన పుల్ల పక్కన పెట్టాడు. "ఆ మాస్టారు ఏదో పలుకుతా రాయించినాడన్నావు. ఆ మాటేటో నాకు తెల్దు. ఆడి బాసలో ఎవుల్ని పిలిసినాడో నాకేటి తెలుస్తాది? పోయి అడుగుదామంటే నోరు నేదు. ఇక్కడ నీకు జొరం. బయమేసింది."

"పేరేం కాదు తాతా," అంది ఏస్తేరు మెల్లగా. "'అ' అనుంటాడు. ఎవుల్నీ పిలవనేదు."

"ఉత్త 'అ'నా?" జమానో తెల్లబోయాడు. "ఓలమ్మో! గుడ్లు పెట్టే పెట్టని కోసీసేనే!"

ఏస్తేరుకు నవ్వాగలేదు. రిజంతి మాత్రం నవ్వలేదు. ఎవర్ని తిట్టాలి? ఎన్నడో వెళ్ళిపోయిన ఆ మాస్టార్నా, భయపడిన అయ్యనా? తిట్టడానికి ఎవరూ సరిగ్గా దొరకలేదు. వెంట వచ్చి చూరు కింద నిలబడ్డ కూతురు దొరికింది.

"ఆ మాస్టారికి మన మాట రాదు. మీ తాతకి ఆయన మాట రాదు. ఇద్దరి మజ్జినా నా సదువు పోయింది. నీకూ నాకూ ఒకటే మాట కదే! తుడుస్తన్నానని నాకెందుకు సెప్పనేదు?"

ఇనామి ఒక్కసారి తాతను చూసింది, ఒక్కసారి పంతులమ్మను చూసింది.

"సెబితే మానిపించీసేదానివి," అంది. "ఇందాక మానిపించీసినావు కదా."

రిజంతి పిల్ల వీపు వెనక నుంచి పలక తీసుకుంది. సందు లేకుండా నింపిన గీతలు. ఇంత రాత తన కళ్ళకోసమే. ఇల్లు చేరకముందే, ఆకలితో, బడి మూల కూర్చుని రోజూ రాసింది. ఏడేళ్ళ పిల్లకు తన వల్ల ఎంత భయమో అప్పుడు తెలిసింది, సిగ్గేసింది. పలక కూతురి చేతికే తిరిగిచ్చింది.

"ఇంక నింపకు," అంది. "సోమారం నుంచి తుడిసిన పలకే ఇంటికి తే."