దస్తరంలో మొండయ్య పేరు

రాజురా తాలూకా హైదరాబాదు నుంచి విడివడి బొంబాయి రాష్ట్రంల కలిసి పది దినాలు గూడ కాలేదు. తహశీలు కచేరి ముందర బడిపిల్లలు గజ్జెల లేజిం పట్టి ఆడుతుంటే ఊరంతా గలగలమంటుంది. జర్మన్ లడాయికి పోయొచ్చినోళ్ల పేర్లు రాతిపలక మీద చెక్కిస్తరట. ఇయ్యాల పొద్దుగూకేలోపు పాత దస్తరంల ఎవరి పేరు తేలితే వాళ్లదే.

గౌరమ్మ మాత్రం మామ మొండయ్య కండువా కొస వదులుతలేదు.

"పోకు మామా! నైజాం ఫౌజుల చేసినవని జైల్ల ఏస్తే? మళ్ల లడాయికి తోలితే?"

"అరవై దాటినోణ్ని, ఒంటిచెయ్యోణ్ని! నన్ను తోలితే దుష్మన్లు నవ్వీ నవ్వీ చావాలె" అన్నడు ముసలాయన.

అంతల గౌరమ్మ బిడ్డ బాలమ్మ ఉరికొచ్చి, "దా తాతా, కచేరికాడ మా బడి గురూజీ పిలుస్తుండు!" అని ఆయన కుడిచెయ్యి పట్టుకొని లాక్కపోయింది. గౌరమ్మ వెనకే ఉరికింది.

హైదరాబాదు నుంచి వచ్చిన ఉర్దూ దస్తరాలు ముందటేసుకొని కూసున్నడు గుమాస్తా బాలకిషన్.

"ఫౌజు కాయితం ఉందా?"

మొండయ్య నేల చూపులు చూసిండు. పోలీసు యాక్షన్ అయిన ఏడు, ఇంటింటికి సోదా అని ఎవరో అంటే, ముద్రలున్న ఆ కాయితాన్ని పొయ్యిల పెట్టింది గౌరమ్మనే. ముసలాయన ఆ పూట అన్నం ముట్టలే.

"నేనే కాలవెట్టిన సాబ్! భయమై కాలవెట్టిన! జైలైతే నన్ను ఏయిండ్రి, ఆయన పేరు మాత్రం ఉంచుండ్రి!"

"జైలేందమ్మా? ఇందుల మొండయ్యలే పదిమంది ఉన్నరు. నంబరు చెప్పుండ్రి, ఇప్పుడే తీస్త."

ముసలాయన నోరు తెరిచిండు. జనం, చప్పుడు, ఆత్రం. నంబరు యాదికి రాలే. "నంబర్... నంబర్..."

కాపురానికొచ్చిన పద్నాలుగేండ్ల సంది, తెల్లారంగనే మంచం పక్కన నిటారుగ నిలబడి ఆయన ఒర్రే ఒర్రుడు గౌరమ్మ చెవుల మోగింది. పసిపిల్ల ఉలిక్కిపడ్తదని ఎన్నిసార్లు కసిరిందో! కొంగు నడుముల దోపి, గొంతు చించుకొని అరిచింది.

"నంబర్ గ్యారా సౌ సత్తర్! సాయీస్ మొండయ్య! హాజిర్!"

లేజిం ఆగింది. పదకొండు వందల డెబ్బై కోసం కాయితాలు గిరగిర తిరిగినయి. ఒకచోట వేలు ఆనించి బాలకిషన్ లేచి నిలబడ్డడు.

"దొరికిండు! మిసర్ దేశం, అదే ఈజిప్టు. గుర్రాలు కాసే సాయీసు. తుపాకులు పేలుతుంటే, దెబ్బలు తాకిన గుర్రపు సవార్లను ముగ్గుర్ని ఒక్కొక్కణ్నే మోసుకొచ్చిండు. మూడోసారి ఎడమచెయ్యి పోయింది."

గౌరమ్మ నోరెళ్లబెట్టింది. "గుర్రం కరిసిందంటివి గద మామా!"

"అది గూడ కరిసింది. గాని వేరే దినం."

జనం గొల్లుమన్నరు. పెద్దతరగతి పిల్లలు మొండయ్యను భుజాల మీదికెత్తుకొని బజారెంట ఉరికిండ్రు. "మెల్లగ పోరగాండ్లూ, పడేస్తరు!" అని మొత్తుకుంట గౌరమ్మ వాళ్లెంట పడ్డది. ఠాణా ముందర జవాను అడ్డమొచ్చి, "ఎవరాయన?" అన్నడు.

"మా మామ!" అన్నది గౌరమ్మ, రొప్పుకుంట. "నైజాం ఫౌజుల చేసిండు! రాసుకుంటే రాసుకో!"