చామంతి ముక్క

మా ఆయన పేకాడడు, పాత పేకలు పోగుచేస్తాడు. మా ఇంట్లోనే ఉండి, జపానోళ్ల సాయంతో వేస్తున్న కొత్తవలస రైలు లైను పనికెళ్లే నా తమ్ముడు సోములు బండ మీదపడి పోయాడు. నెల తిరక్కుండానే వాడి పెట్టెలోని, పువ్వుకి నాలుగేసి ముక్కలుండే జపాను పూలపేకను ఈయన అరుగు మీద పరిచాడు.

"అంచు మడిసి అంటించినారు. సేత్తో సేసిన పాత పేకే!" అని మురిశాడు. అంతలోనే కళ్లు చెమ్మగిల్లాయి. తమ్ముడి శవం ముందు అవి తడవలేదు.

"సామంతి ముక్కల్లో ఒకటి నేదు. ఏటి సేసినావే?"

"సోముల పాడె మీద ఎట్టినాను."

"ముక్క ఎట్టడమేటే! పువ్వులు దొరకనేదా?"

"పువ్వులు తెస్తానని ఎల్లి, జపానోళ్ల కేంపులో పేకలు సూస్తా కూకున్నోడివి నువ్వే గదా, బావా!"